ముప్ఫై ఎనిమిది కిలోల మాట

అది 2023 వేసవి. కరీంనగర్ బైపాస్ పక్కన నేను ఫ్యాబ్రికేషన్ షాపు పెట్టి అప్పటికి ఇరవై రెండేళ్ళు. ఫ్యాబ్రికేషన్ అంటే పెద్ద మాటేం కాదు, ఇనుమును కోయడం, వంచడం, అతకడం. కిరాణా కొట్ల ర్యాకులు, మందుల షాపుల ర్యాకులు, ఈమధ్య మెకానిక్‌ల వ్యాన్ల లోపల సామాన్లు పెట్టుకునే ర్యాకులు, ఇవీ నా సృష్టి. మాది నేత కుటుంబం. బాపు పవర్‌లూమ్ మీద బతికాడు. నేను నేత వదిలి కోత పట్టాను. కోతతో పాటు మోత వచ్చింది, మోతతో చెవులు సగం పోయాయి. మా ఇంటావిడ చెప్పే సంగతుల్లో సగమే వినబడతాయి కాబట్టి కాపురం సగం సుఖంగా ఉంది.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. ర్యాకుకు ధర కిలోల లెక్కన. అందుకని మా దగ్గర బరువే పరువు. గిరాకీ వచ్చి ర్యాకును వేళ్ళతో టకటకా కొడతాడు, ఒక కొస పట్టి లేపుతాడు. లేవకపోతే ముఖం వెలిగిపోతుంది. "పెద్దపులి దూకినా కదలది" అంటాడు. కిరాణా కొట్టులోకి పెద్దపులి ఎందుకొస్తుందని నేనెప్పుడూ అడగలేదు. ఇంకో పట్టీ వేసి పంపేవాణ్ణి. తొంభై రెండు కిలోల మనిషిని, తేలిక అనే మాట నాకు ఒంటికీ పట్టలేదు, పనికీ పట్టలేదు.

ఆ రోజు మధ్యాహ్నం గ్రైండర్ ఆపి తలెత్తితే షాపు ముందు చిన్న తెల్ల వ్యాను నిలబడి ఉంది. పక్కన ముప్ఫై ఏళ్ళ ఆడమనిషి, భుజాన సంచి, చేతిలో టేపు.

"ఎంత సేపయింది చెల్లె వచ్చి?"

"పది నిమిషాలయింది. మూడుసార్లు పిలిచిన."

"నాకు చెవులు తక్కువ."

"నా బండికి సప్పుడు తక్కువ. మంచిగ కుదిరింది సదన్నా." నా పేరు బోర్డు మీద చదివినట్టుంది.

పేరు ఎస్తేరు. ఊరు ఖానాపూర్. ఐటీఐలో ఫ్రిజ్‌ల పని నేర్చుకుంది. ఉట్నూర్ వైపు అడవి పల్లెల ఆరోగ్య కేంద్రాల్లో టీకా మందులు పెట్టే ఫ్రిజ్‌లను చూసుకునే పని ఆమెకు మూడు నెలల పరీక్ష మీద ఇచ్చారు. వ్యాను కరెంటుది. వారానికోసారి, మంగళవారం, ఖానాపూర్‌లో బయల్దేరి ఉట్నూర్ మీదుగా పల్లెలు తిరిగి అదే రోజు ఇంటికి చేరాలి. మర్నాడు ఇంకో వైపు పోవాలి. ఈ పని కోసం డీజిల్ జీపు ఉన్న మరొకాయన కూడా కాచుకుని ఉన్నాడు. బండి నడుమ ఆగిందంటే దారి ఆయనది.

"ఉట్నూర్‌ల చార్జింగ్ పెట్టుకోరాదా?" అన్నాను.

"పెట్టుకుంటె మూడు గంటలు కూసోవాలె. ఆడ ఫ్రిజ్ కరాబయి టీకాలు వేడెక్కుతుంటె నేను చాయ్ తాక్కుంట కూసుండాల్నా?"

ఆమె రెండు మాటలు నేర్పింది. పేలోడ్ అంటే బండి మోయగలిగిన బరువు. రేంజ్ అంటే ఒక్క చార్జితో పోగలిగిన దూరం. మొదటిది పెరిగితే రెండోది తగ్గుతుంది, అడవిలో ఘాటు రోడ్డు ఎక్కేటప్పుడు మరీ తగ్గుతుంది. "కంపెనోళ్ళు చెప్పే రేంజ్ పెండ్లి సంబంధం లెక్క. ఇంటికి తెచ్చుకున్నంక అసలుది తెలుస్తది" అంది. తన చుట్టు దూరానికీ తన రేంజ్‌కూ మధ్య మిగులు వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని కిలోమీటర్లు.

తర్వాత సంచిలోంచి చిన్న తూకం యంత్రం తీసి నా బల్ల మీద పెట్టింది. ఫ్రిజ్‌లో నింపే గ్యాసును గ్రాముల్లో తూచుకునే యంత్రం అది. ఆమె గ్రాముల మనిషి, నేను క్వింటాళ్ళ మనిషి. నేను ముందుకు తెచ్చిన ప్రతి ముక్కనూ దాని మీద పెట్టింది. చదరపు ఇనుప పైపు అడుగు ముక్క పెట్టి తల అడ్డంగా ఊపింది. ప్లైవుడ్ ముక్క పెట్టి, "వానకు ఉబ్బుతది, బరువు గూడ తక్కువేం లేదు" అంది. అల్యూమినియం పైపు పెట్టినప్పుడు మొదటిసారి నవ్వింది.

వెనక నుంచి నా వెల్డరు యాకూబ్ గొణిగాడు. "అరె సదన్నా, అది పాపడ్. ఘాట్ల పట పట ఇరుగుతది."

"ఇరగకుంట చెయ్యి భాయ్. నీకు చేతులున్నయి గద" అంది ఎస్తేరు. "నాకు ర్యాకులు మొత్తం ముప్ఫై ఎనిమిది కిలోలు. గంతే. ఫ్రిజ్‌ల గ్యాసు గూడ గంతే. తక్కువయితె సల్లబడది, జర ఎక్కువయినా సల్లబడది."

వారం పట్టింది. అల్యూమినియం పైపులతో రెండు వైపులా చట్రాలు, మూలల్లో బోల్టులు, అరలకు పల్చటి అల్యూమినియం రేకు. రేకు మందాన్ని గేజ్ అంటాం, అంకె పెరిగితే మందం తగ్గుతుంది. వయసు పెరిగిన కొద్దీ నా బుద్ధి కూడా గేజ్ లెక్కే. ఎస్తేరు వచ్చి కాంటా మీద తూచుకుంది. సరిగ్గా ముప్ఫై ఎనిమిది. "మాట మీద నిలబడ్డవు సదన్నా" అంది. బిగించి పెట్టమని చెప్పి, పొద్దున వచ్చి తీసుకుపోతానని చుట్టాలింటికి వెళ్ళింది.

ఆ సాయంత్రం నేను ఒకచోట కూర్చోలేకపోయాను. వ్యాను చుట్టూ తిరిగాను. ర్యాకును ఊపి చూశాను, ఊగలేదు. ఊగలేదని ఇంకోసారి ఊపాను. ఘాటు మలుపులో ఒక అర ఊడి, గ్యాసు సిలిండరు ఎగిరి, ఆ పిల్ల మెడ మీద పడ్డట్టు కళ్ళ ముందు కనిపించింది. చాయ్ తాగి వచ్చాను, మళ్ళీ అదే కనిపించింది. యాకూబ్ నమాజుకు పోయిన సమయం చూసి ప్రతి అర కింద రెండేసి ఇనుప పట్టీలు బిగించాను. జర గట్టిగ ఉంటుందని. రంగు కూడా వేశాను, అల్యూమినియంలో కలిసిపోయేలా. మళ్ళీ తూచలేదు. బిగించింది ఎట్లా తూస్తాం అని నాకు నేనే సమాధానం చెప్పుకున్నాను.

ఆమె పొద్దున్నే వచ్చి, అరల మీద చెయ్యేసి, సప్పుడు చెయ్యకుండా వెళ్ళిపోయింది. బండి సప్పుడు చెయ్యలేదు కానీ నా గుండె చేసింది.

మంగళవారం ఫోన్ చేశాను. "ర్యాక్ ఊగుతుందా చెల్లె?"

"ర్యాక్ ఊగుతలేదు. చార్జి ఊగుతుంది. ఇల్లు చేరేసరికి ఒక్క శాతం మిగిలింది సదన్నా. ఏందో సమజయితలేదు."

ఎండకు బ్యాటరీ అట్లా చేస్తుందేమో అన్నాను. ఇనుము పేరు నోటికి రాలేదు. ఆ వారమంతా నా చేతులు పనిలో లేవు. డ్రిల్లు పెట్టాల్సినచోట కాకుండా జానెడు అవతల పెట్టాను. ఒక మందుల షాపు ర్యాకుకు నాలుగు కాళ్ళకు బదులు ఐదు కోశాను. యాకూబ్ కూడా ఎందుకో నా కళ్ళలోకి చూడటం మానేశాడు. నా ముఖం చూసి జాలిపడుతున్నాడనుకున్నాను.

రెండో మంగళవారం సాయంత్రం ఆమే ఫోన్ చేసింది. గొంతులో తడి ఉంది, కోపం కూడా. ఊరు ఇంకా మూడు కిలోమీటర్లు ఉందనగా బండి ఆగిపోయింది. ట్రాక్టరుకు కట్టి లాక్కొచ్చారు. సరిగ్గా అప్పుడే జీపాయన పక్కన ఆపి, "ఏం చెల్లె, టార్చిలైట్ల సెల్లు అయిపోయినయా?" అని అడిగి మరీ పోయాడట. పని ఇచ్చిన మేనేజరుకు ఆ సంగతి చేరింది. "వచ్చే మంగళవారం ఒక్కటి చూస్తం అన్నడు. గదే ఆఖరు" అంది ఎస్తేరు. "ఆదివారం బండ్లె ఉన్నదంత దించి తూస్త. రా సదన్నా, నువ్వుంటె మంచిగుంటది."

ఆదివారం పొద్దున జగిత్యాల మీదుగా ఖానాపూర్ బస్సెక్కాను. యాకూబ్ పిలవకుండానే వెంట వచ్చాడు. బస్సులో ఇద్దరం కిటికీ కోసం కొట్లాడుకోలేదు, అదే విచిత్రం. మెట్‌పల్లి దాటాక "నీకేమన్న చెప్పేదున్నదా?" అన్నాను. "నీకు?" అన్నాడు. ఇద్దరం మొక్కజొన్న చేలు చూస్తూ కూర్చున్నాం.

ఎస్తేరు బాపు సామేలు వడ్రంగి. వాళ్ళ చర్చి బెంచీలన్నీ ఆయన చేసినవే. "రా తమ్మీ" అని నా రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆరాధన అయిపోయి అప్పుడే వచ్చారు, ఇస్త్రీ చొక్కా మీదనే ఉన్నాడు. మమ్మల్ని మొక్కజొన్న కొనే సేటు దుకాణానికి తీసుకుపోయాడు. అక్కడి కాంటా మీద బస్తాలు తూస్తారు. సీజను కాదు కాబట్టి సేటు కుర్చీ వేసుకుని తమాషా చూడటానికి కూర్చున్నాడు.

బండిలోని ఒక్కొక్క వస్తువూ దించాం. బోల్టులు విప్పి ర్యాకులు కూడా దించాం. ఎస్తేరు పుస్తకంలో రాసుకుంటోంది. ర్యాకుల వంతు వచ్చింది. కాంటా ముల్లు ముప్ఫై ఎనిమిది దాటింది. నలభై ఐదు దాటింది. యాభై తొమ్మిది దగ్గర ఆగింది.

ఎస్తేరు నన్ను చూసింది. నేను యాకూబ్‌ను చూశాను. యాకూబ్ సేటును చూశాడు. సేటు, "నన్ను సూస్తవేంది? నా కాంటా కరెక్టే" అన్నాడు.

"నేనే చెల్లె," అన్నాను. "అరల కింద జర ఇనుప పట్టీలు ఏసిన. ఘాట్ల నీకేమయితదో అని."

పట్టీలు విప్పి తూస్తే పన్నెండు కిలోలు. ఇంకా తొమ్మిది ఎక్కువ ఉంది. అప్పుడు యాకూబ్ మెల్లగా చట్రం వెనక్కి పోయి, బండి గోడకు ఆనే వైపు నుంచి ఎల్ ఆకారపు ఇనుప యాంగిళ్ళు ఒక్కొక్కటే విప్పాడు. "నువ్వు చాయ్‌కు పోయినప్పుడు నేను బీ జర..." అన్నాడు. నాకు కోపం వచ్చింది. నా దొంగతనం మీద ఇంకొకడు దొంగతనం చేసినట్టు.

సేటు పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. ఎస్తేరు నవ్వలేదు. ఖాళీ వ్యానులోకి ఎక్కి చూస్తుంటే, నేల మీది రబ్బరు పట్టా కింద పరిచిన చెక్కలు ఆమె కాలికి తగిలాయి.

"ఇవేంది బాపూ?"

"మన పాత తలుపు చెక్కలు బిడ్డా. టేకువి. నేల గీసుకపోకుండ ఉంటదని..."

ఇరవై ఆరు కిలోలు.

ఆమె పుస్తకం మూసేసింది. మేం ముగ్గురం వరసగా నిలబడ్డాం, హోంవర్కు చెయ్యని పిల్లల్లా. "ముప్ఫై ఎనిమిది అని నోరు తెరిచి అడిగిన," అంది. అరవలేదు, అందుకే ఎక్కువ తగిలింది. "గా లెక్క నాకు తెల్వక అడిగిన్నా? మీ ముగ్గురికి నా మీద ప్రేమ, పావురం ఉంటె నాకు చెప్పాలె. మీ భయమంత తెచ్చి నా బండ్లె ఏసిండ్రు. నేను గది మోసుకుంట ఘాటెక్కుతున్న."

సామేలు వేలు చాపి, దించి పెట్టిన సామాన్లలో ఒక మూలకు చూపించాడు. అక్కడ రెండో గ్యాసు సిలిండరు, ఒక అదనపు కంప్రెసరు ఉన్నాయి. "అవి నేను ఏసినవి గావు బిడ్డా."

ఎస్తేరు వాటిని చూసింది. చుట్టుకు ఒక్క సిలిండరులో సగం కూడా ఖర్చు కాదని ఆమే అంతకుముందు చెప్పింది. చాలాసేపు చూసి, రెండో సిలిండరును తనే ఎత్తి కాంటా మీద పెట్టింది. పద్దెనిమిది. "నా భయం గూడ రాసుకుంట," అని పుస్తకం తెరిచింది. కంప్రెసరును మాత్రం వదల్లేదు. "ఇది భయం గాదు, పని" అంది.

ఇప్పుడు నా అసలు పరేషాన్ మొదలైంది. పట్టీలు తీసేస్తే నా అరలు ఆగుతాయా? నిజం చెప్పాలంటే రేకు నడుమ కొంచెం వంగుతోంది, పట్టీలు దాన్ని కప్పిపుచ్చాయి. మందం రేకు వేస్తే మళ్ళీ బరువు. అల్యూమినియం వెల్డింగుకు యంత్రం కరీంనగర్‌లో ఉంది, మంగళవారం ఎల్లుండి ఉంది. సామేలు ఇంటి వాకిట్లో అటూ ఇటూ తిరిగాను. ఆయన "కూసో తమ్మీ, దేవుడు తొవ్వ సూపిస్తడు" అని మంచం జరిపాడు. కూర్చున్నాను. తొంభై రెండు కిలోలకూ ఆ మంచం కిర్రుమనలేదు. కింద చెయ్యి పెట్టి చూశాను. నైలాన్ నవారు.

"సామేలన్నా, ఈ మంచం ఎన్నేండ్లది?"

"చట్రం మా నాయినది. నవారు నాలుగేండ్లకింద అల్లిచ్చిన."

లేచి బజారుకు పరుగెత్తాను. నవారు చుట్టలు కొన్నాను. రేకు అరలన్నీ పీకేశాం. అల్యూమినియం చట్రానికి నవారు పడుగు బిగించి పేక అల్లడం మొదలుపెట్టాను, ఒకటి పైన, ఒకటి కింద. ఇరవై రెండేళ్ళుగా ఇనుము పట్టిన వేళ్ళు మొదట మొండికేశాయి. తర్వాత వాటికే గుర్తొచ్చింది. చిన్నప్పుడు బాపు నా చేయి మీద కొట్టి నేర్పింది ఒక్కటే, బిగువు అన్నిచోట్లా ఒక్కతీరు ఉండాలని. యాకూబ్ కొస పట్టి లాగుతుంటే నేను అల్లాను. "సదన్నా, నీకు గిది వస్తదని ఎన్నడు చెప్పలే," అన్నాడు. "నువ్వు యాంగిళ్ళ సంగతి చెప్పినవా?" అన్నాను.

సోమవారం మధ్యాహ్నానికి అయింది. ర్యాకులు రెండూ కలిపి ముప్ఫై కిలోలు. ఎస్తేరు చెప్పులు విప్పి, కింది అర ఎక్కి కూర్చుంది. కాళ్ళు ఊపింది. దిగి డబ్బాలు సర్దుకోవడం మొదలుపెట్టింది. పై మూలకు ఒక్క చిన్న ఇనుప కొక్కెం వేస్తే బాగుండునని నా చెయ్యి జేబులోకి పోయింది. ఆమె వెనక్కి తిరగకుండానే, "సదన్నా, చెయ్యి బయటికి తియ్యి" అంది.

మంగళవారం తెల్లారి బయల్దేరుతుంటే నేనూ ముందు సీటు వైపు నడిచాను. అరలు ఎట్లా ఉంటాయో కళ్ళారా చూడాలని.

"నువ్వెక్కితె ఇంకో మూడు జతల ర్యాకులు ఎక్కినట్టే," అని తలుపు వేసుకుంది. బండి కదిలింది, సప్పుడు లేకుండా.

ఆ రోజు నాకు తెలిసింది, పనిచేసి ఇచ్చిన మనిషికి అన్నిటికంటే కష్టం ఖాళీగా ఉండటం. ఉట్నూర్ దాటితే ఫోన్ కలవదు. పది గంటలకు చేశాను, కలవలేదు. పదీ ఐదుకు చేశాను. సామేలు బైబిలు తెరిచి కూర్చున్నాడు, పేజీ మాత్రం తిరగలేదు. యాకూబ్ నాలుగో చాయ్ తాగుతున్నాడు. నేను రోడ్డు దాకా పోయి వచ్చాను. చెప్పు తెగింది. కుట్టించుకున్నాను. మళ్ళీ పోయి వచ్చాను. డీజిల్ బండైతే మలుపు అవతలే చెవికి తెలుస్తుంది. ఇదేమో దయ్యంలా వస్తుంది, నా చెవులు చూస్తే ఇట్లా. ఎండ దిగింది. జీపాయన ఆ దారిలో రెండుసార్లు పోయాడు. రెండోసారి మా వైపు చూసి హారన్ కొట్టాడు.

పొద్దు గుంకేవేళ మొక్కజొన్న సేటు వచ్చి, ఇంకా రాలేదా అని అడిగాడు. నేను రోడ్డుకు వీపు పెట్టి, రాలే అని చెప్తున్నాను.

"ఎవలు రాలే సదన్నా?"

వెనక్కి తిరిగాను. బండి నా వీపుకు మూరెడు దూరంలో ఉంది. ఎస్తేరు ముఖమంతా దుమ్ము. దిగకుండానే స్టీరింగ్ వెనక తెర వైపు వేలు చూపింది. నాలుగు శాతం. "ఘాటు మెల్లగ ఎక్కిన, దిగేటప్పుడు ఏసీ బంద్ చేసిన. ఒక పల్లెల ఫ్రిజ్ నిజంగనే ఆగిపోయింది. కంప్రెసర్ మార్చి వచ్చిన," అంది. సామేలు బైబిలు మూసి కళ్ళు తుడుచుకున్నాడు. నేను బండి వెనక తలుపు తీసి అరల మీద చెయ్యి పెట్టాను. ఒక్క డబ్బా కదల్లేదు. ఆ గతుకుల్లో గలగల కూడా రాలేదట.

దారి ఆమెకే ఉంది, ఇప్పటికీ. ఆ తర్వాత కరీంనగర్ వచ్చినప్పుడు ఒక కట్ట తెచ్చి నా బల్ల మీద ధడేల్మని పెట్టింది. నా పట్టీలు, యాకూబ్ యాంగిళ్ళు. "మీవి మీరే ఉంచుకోండ్రి," అంది.

ఆ కట్ట షాపులో కాంటా పక్కనే ఉంది. కరెంటు వ్యాన్లు ఇప్పుడు నెలకు ఒకటి రెండు వస్తున్నాయి. కిలోల లెక్క మానేసి పని లెక్కన ధర చెప్తున్నాను. బిగించాక బండిని బైపాస్ మీది లారీల కాంటాకు తీసుకుపోయి గిరాకీ ముందే తూయిస్తాను, తూచాక ఎవరమూ ముట్టుకోం. నాకు భయం తగ్గిందా అంటే, లేదు. మొన్న హుజూరాబాద్ నుంచి ఒక ప్లంబరు వ్యాను ఇచ్చి పోయాడు. సాయంత్రం యాకూబ్ ఒక ఇనుప పట్టీ పట్టుకుని దాని దగ్గర నిలబడ్డాడు. నేను చూశాను. ఇద్దరం ఆ కట్ట వైపు చూశాం. వాడు పట్టీని గోడకు ఆనించాడు. నేను ఫోన్ తీసి ఆ ప్లంబరుకు చేశాను.

"అన్నా, పై అర సంగతి. నాకు జర భయంగున్నది. నీ లెక్క ఏందో ఒక్కసారి చెప్పు, వింట."